ఊదా గుడ్డ కింద

"అయిదింటికి మేజిస్ట్రేట్ సారు ముంగట నిలబెడ్త. అటెన్క చంచల్‌గూడ జైలు. గంతే, ఖేల్ ఖతం!"

ఇన్‌స్పెక్టర్ లక్ష్మీనర్సయ్య టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. ఎదురుగా కూర్చున్న సుధామయికి టీ ఇమ్మని ఎవరికీ చెప్పలేదు. చెప్పడని ఆమెకీ తెలుసు. పోయిన ఏడు సీతాఫల్‌మండి గొలుసు దొంగతనంలో అతను పట్టుకొచ్చిన మనిషి దొంగ కాదని ఆమె తేల్చింది చూడండి, అప్పట్నించీ ఈ స్టేషన్లో ఆమెకి కుర్చీ దొరకడమే మహాభాగ్యం. తార్నాకలో జెరాక్స్ షాపు మేడ మీద బోర్డు కట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ అంటే పోలీసులకి పంటికింద రాయే కదా!

"ఆయనకి అరవై దాటాయి సార్. మోకాళ్ళు వంగవు. ఇద్దరు పడితే గానీ లేవని రాతి తొట్టిని ఒక్కడే ఎలా మోశాడంటారు?"

"మోయలే. మోయించిండు. ఎవరితోని అంటే నోరు తెరుస్తలేడు. మీరడుగుండ్రి డిటెక్టివమ్మా, మీకన్న చెప్తడేమో."

కటకటాల వెనక గోడకి ఆనుకుని బాలస్వామి కూర్చున్నాడు. యూనివర్సిటీ వెనక గేటు దాటితే వచ్చే పాత మఠం గుడిలో గంట కొట్టేదీ, దీపాలు పెట్టేదీ, తాళం వేసేదీ ఆయనే. నైజాం జమానాలో ఫ్రాన్సు నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులు కట్టుకున్న గుడి అది. వస్తూ వస్తూ, అక్కడ పాడుబడిపోయిన తమ మఠం నుంచి ఒకే ఒక్క వస్తువు ఓడలో తెచ్చుకున్నారు. గుమ్మం పక్కన దీవించిన నీళ్ళు పోసి ఉంచే రాతి తొట్టి. లోపలికి వచ్చేవాళ్ళు అందులో వేళ్ళు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఏ మహానుభావుడు చెక్కాడో గానీ, అంచు చుట్టూ ద్రాక్షతీగ, కింద నడుం వంచి వీపు మీద ఆ తొట్టిని మోస్తున్న చిన్న మనిషి. గుడికొచ్చే పిల్లలు వాడికి మోతయ్య అని పేరు పెట్టారు. సన్యాసులు పోయారు, మోతయ్య మిగిలాడు. ఈస్టర్ ముందు శనివారం, అంటే ఈ పొద్దున, మోతయ్యా మాయమయ్యాడు.

సుధామయి కటకటాల దగ్గర గొంతుక్కూర్చుంది. "బాలస్వామి గారూ, మీ ఫిలోమిన పంపితే వచ్చాను. నాతో చెప్పండి, తాళంచెవి మీ దగ్గర కాక ఇంకెవరి చేతిలోకైనా వెళ్ళిందా?"

ముసలాయన పెదాలు కదిలాయి. "బిడ్డ తిన్నదా అమ్మా?"

"తినలేదు. మీరు నోరు విప్పితే తింటుంది."

ఆయన మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు. అంతే. ఇక బండరాయి పలుకుతుంది గానీ ఆయన పలకడు.

లక్ష్మీనర్సయ్య నవ్వాడు. "పరేషాన్ గాకుండ్రి. నాకు సాక్షి ఉన్నడు. ఎవరనుకుంటున్నరు? మీ ఫిలోమినను చేసుకునే పిల్లగాడే! ప్రశాంత్. యూనివర్సిటీల హిస్టరీ పీహెచ్‌డీ. నిన్న గుడ్ ఫ్రైడే శుక్రవారం, పగటీలి మూడింటి ప్రార్థనకు పోయిండు. తొట్టి గాడనే ఉన్నది. ప్రార్థనైనంక ఫాదరేమో సికింద్రాబాద్ ఊరేగింపుకు పోయిండు. తాళమేసింది బాలస్వామి ఒక్కడే. పొద్దున ఫాదరొచ్చి తొట్టి మీది గుడ్డ తీసి చూస్తే ఏమున్నది? బుట్ట మీద బోర్లించిన గమేళా! తాపీమేస్త్రీలు సిమెంటు కలిపే గమేళా. తాళం పలగలే, కిటికీ వంగలే. చెప్పుండ్రి, అల్లుడయ్యేటోడు మామ మీద అబద్ధమెందుకు చెప్తడు?"

సుధామయి కటకటాల దగ్గర్నించి లేచింది. నిజమే, ఎందుకు చెప్తాడు?

*

బయట వేపచెట్టు కింద ఫిలోమిన నిలబడి ఉంది. తార్నాకలో ఓ కోచింగ్ సెంటర్లో టైపిస్టు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి గానీ, గుడిలో ఈ సాయంత్రం ఈస్టర్ జాగరణకి పెట్టాల్సిన పూలబుట్ట మాత్రం చంకలోంచి వదల్లేదు. సుధామయి కైనెటిక్ హోండా స్కూటర్ వెనక ఎక్కి కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"అక్కా, నాన్న ఇయ్యాల బయటికి రావాలె. రేపు గుళ్ళె మా పెండ్లి చాటింపు మూడోసారి చదువుతరు. మూడు ఆదివారాలు చదివి, ఎవరికన్న అడ్డమున్నదా అనడుగుతరు గదా. గా టైముకు నాన్న జైల్ల ఉంటే ప్రశాంత్ వాళ్ళ ఒంగోలోళ్ళు చేసుకుంటరా నన్ను? ఇంతకుముందే రెండు సంబంధాలు 'గంట కొట్టేటోని బిడ్డ' అని ఎన్కకు పోయినయ్."

"ప్రశాంత్ ఏమంటున్నాడు?"

"పాపం, తిండి లేదు ఆయనకు. ఒట్టి మతిమరుపు మనిషి అక్కా! గురువారం రాత్రి మా ఇంట్ల తిని పోయిండా, శుక్రవారం తెల్లారకముందే మల్ల తలుపు కొట్టిండు. ఏందంటే, పెన్ను మర్చిపోయిన అని. పెన్ను కోసం గంత పొద్దుగాల వస్తరా ఎవరన్న!" ఏడుపు మధ్యలోనే చిన్నగా నవ్వింది.

సుధామయి కూడా నవ్వింది. ఆ మాట చెవిలో పడింది గానీ మనసులోకి దిగలేదు. గేరు లేని బండి కదా, అలా పోతూనే ఉంది. ఫిలోమినని గుడి దగ్గర దింపి క్యాంపస్‌లోకి తిప్పింది.

ప్రశాంత్ క్యాంటీన్లో మూల బల్ల దగ్గర దొరికాడు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు, నాలుగు రోజుల గడ్డం. ముందున్న టీ మీద మీగడ కట్టేసింది.

"మామయ్య గారి మీద చెప్పాలని చెప్పలేదండీ. అడిగారు, చెప్పాను. చదువుకున్నవాణ్ణి, నిజం ఎలా దాస్తాను?"

"తప్పేం లేదు. నాకూ ఒకసారి చెప్పండి. మీరు రోజూ ఆ గుడికి వెళ్తారా?"

"ఆదివారం ఆదివారం. మేం బాప్టిస్టులమండీ, క్రైస్తవుల్లోనే వేరే శాఖ. మా గుళ్ళో ఈ తొట్టీ, నీళ్ళూ, సిలువ గుర్తూ ఏవీ ఉండవు. ఏ భుజం ముందు తాకాలో కూడా ఫిలోమినే నేర్పింది. నా థీసిస్ కూడా ఆ సన్యాసుల మీదే లెండి. ఆ తొట్టి విలువ నాకు తెలిసినంత వాళ్ళకే తెలీదు."

"నిన్న మూడింటికి?"

"గుమ్మంలో ఆగాను. మోతయ్య వీపు మీదున్న నీళ్ళలో వేళ్ళు ముంచాను. నుదుటన పెట్టుకోగానే ఎంత చల్లగా ఉందో! బయట ఎండ మాడ్చేస్తోంది కదా. ఎందుకో ఏడుపొచ్చేసింది మేడమ్." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నటనలా లేదు. నిజంగానే కన్నీళ్ళు. "తర్వాత హాస్టల్‌కి వచ్చేశాను. సాయంత్రం నుంచి మెస్సులోనే ఉన్నాను, అందరూ చూశారు."

'ఎవరు చూశారని నేనడగలేదే' అనుకుంది సుధామయి. అయినా భయపడ్డవాడు అడక్కుండానే అన్నీ చెప్తాడు, అదేమంత నేరం కాదు. అతను రెండుసార్లు కిటికీ బయటికి చూశాడు. ఆమె కూడా చూసింది. గేటు పక్కన తెల్ల మారుతి వ్యాన్, స్టీరింగు మీద చేతులు పెట్టుకున్న డ్రైవరు. క్యాంపస్‌లో వ్యాన్లకేం కరువు?

లేచేటప్పుడు ప్రశాంత్ ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "మేడమ్, ఆ తొట్టి దొరికితే మామయ్య గారిని వదిలేస్తారా?"

"దొరకాలిగా."

"ఆఁ. దొరకాలి," అన్నాడు, చాలా నెమ్మదిగా.

*

మఠం గుడి తలుపు కుడి పక్క స్తంభం బోడిగా ఉంది. మోతయ్య పాదాలు ఆనిన చోట సున్నం తెల్లగా, పన్ను ఊడిన సందులా కనిపించింది. సుధామయి మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడిమింది. తొట్టిని స్తంభానికి బిగించిన ఇనప పట్టీల మరలు విరగలేదు, ఒక్కొక్కటీ విప్పి, గుడ్డ కింద బుట్ట పెట్టిన చోటే వరసగా నేల మీద పెట్టి ఉన్నాయి. మరల్లో గ్రీజు వాసన. తొందరపడ్డవాళ్ళ పని కాదు. తాళంచెవితో దర్జాగా వచ్చి, తీరిగ్గా విప్పి, ఎత్తుకుపోయారు. గమేళా, బుట్ట పక్కనే పడి ఉన్నాయి. వాటి మీద కప్పిన ఊదా గుడ్డని ఎవరో మడిచి బల్ల మీద పెట్టారు.

"ఈ గుడ్డ ఎందుకు ఫాదర్?"

ఫాదర్ శౌరయ్యది గుంటూరు జిల్లా. పొద్దుట్నుంచీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "తపస్సుకాలం కదమ్మా, ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు. శిలువలకీ బొమ్మలకీ అన్నిటికీ కప్పుతాం. ఈ రాత్రికి తీస్తాం. ఆ గుడ్డ ఉండబట్టే కొంప మునిగింది. నిన్న అంతమంది వచ్చారు, గుడ్డ కింద బుడిపె కనపడితే తొట్టే ఉందనుకున్నాం అందరం."

ఉందనుకున్నారు! అంటే తొట్టి నిన్న మూడింటికి అక్కడ ఉండి ఉండకపోవచ్చు! కానీ వెంటనే ఆ ఉత్సాహం మీద నీళ్ళు పడ్డాయి. ప్రశాంత్ వేళ్ళు ముంచాడు కదా. గుడ్డ పక్కకి జరిపి ముంచి ఉంటాడు.

ఎడమ పక్క చిన్న తలుపు దగ్గర ఇంకో తొట్టి ఉంది. సిమెంటుది, ఈ మధ్య కట్టినది. దాని మీదా ఊదా గుడ్డే. అలవాటు లేని మనిషి కదా, ఎలా ముంచుతారో చూద్దామని గుడ్డ ఎత్తి రెండు వేళ్ళు లోపల పెట్టింది.

వేళ్ళకి దుమ్ము అంటింది. అడుగున ఓ చీమ హడావిడిగా తిరుగుతోంది.

"ఇందులో నీళ్ళు ఎండిపోయాయి ఫాదర్."

"ఎండటం కాదమ్మా, తీసేశాం. పవిత్ర గురువారం రాత్రి పూజ కాగానే తొట్లన్నీ ఖాళీ చేసి, తుడిచి, గుడ్డ కప్పుతాం. యేసు ప్రభువు సమాధిలో ఉన్నన్నాళ్ళూ దీవెన నీళ్ళు ఉండవు. మళ్ళీ ఈ రాత్రి కొత్త నీళ్ళు దీవించి పోస్తాం."

సుధామయి వేళ్ళు అలాగే గాల్లో ఉండిపోయాయి.

"శుక్రవారం... ఎవరూ వేళ్ళు ముంచరా?"

"దేంట్లో ముంచుతారమ్మా? చుక్క నీళ్ళుండవు గదా! మా పసిపిల్లలకి కూడా తెలుసు."

పసిపిల్లలకి తెలుసు. ఒంగోలు బాప్టిస్టుకి తెలీదు. వెళ్ళిన ప్రతి ఆదివారం నీళ్ళున్నాయి కాబట్టి శుక్రవారం కూడా ఉంటాయనుకున్నాడు. నుదుటన చల్లగా తగిలిందన్నాడు, ఏడుపొచ్చిందన్నాడు! ఆ మనిషి శుక్రవారం ఈ గుమ్మం తొక్కనే లేదు. తొట్టి అప్పటిదాకా ఉందని అందరిచేతా నమ్మించడానికి చెప్పాడు. ఎందుకు? గురువారం రాత్రే పోయిందని తెలిస్తే, ఆ రాత్రి తాళంచెవి ఎక్కడుందని అడుగుతారు. తాళంచెవి రాత్రిళ్ళు బాలస్వామి ఇంట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది, ఫిలోమినే చెప్పింది. గురువారం ఆ ఇంట్లో భోంచేసిందెవరు? తెల్లారకముందే పెన్ను పేరు చెప్పి మళ్ళీ వచ్చిందెవరు?

"ఏమన్న దొరికిందా అక్కా?"

వెనక ఫిలోమిన. చేతిలో తెల్ల లిల్లీల కట్ట. కళ్ళల్లో ఇంతింత ఆశ.

ఏం చెప్పాలి? మీ నాన్నని విడిపించే దారి దొరికింది, ఆ దారి నీ పెళ్ళి మీద నుంచే పోతుంది అని చెప్పాలా? ఇన్నేళ్ళలో సుధామయి ఎన్నో అబద్ధాలు పట్టుకుంది గానీ, పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలీకపోవడం ఇదే మొదలు.

"ఇంకా లేదు. పద, స్టేషన్‌కి."

*

ఫిలోమినని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి సుధామయి ఒక్కతే లోపలికి వెళ్ళింది. గొంతు తగ్గించి అంతా చెప్పింది. లక్ష్మీనర్సయ్య మొదట చెవి గోక్కున్నాడు. తర్వాత కుర్చీలో ముందుకి వంగాడు. ఎంత కచ్చ ఉన్నా మనిషి మొద్దు కాదు.

"వార్నీ! నీళ్ళే లేకుంటే ముంచిందేంది వాడు? గింత సంగతి నాకెవ్వడు చెప్పలేకపాయె!"

"మీరు ఫాదర్‌కి వాంగ్మూలం చూపిస్తే చెప్పేవారు."

"సరే సరే, దెప్పకుండ్రి. ఓ బిక్షపతీ! హాస్టల్‌కు జీపు తీస్కపో, ఆ పిల్లగాన్ని పట్కరా. జల్ది!" కానిస్టేబుల్ బిక్షపతి పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టర్ బాలస్వామిని ఎదుట నిలబెట్టాడు. "ఏం పెద్దమనిషీ, గురువారం రాత్రి తొట్టి ఖాళీ చేసి, తుడిచి, గుడ్డ కప్పినవా లేదా? అవునను చాలు, ఇంటికి పోతవ్."

ఒక్క మాట. అవును అంటే చాలు.

బాలస్వామి ఇన్‌స్పెక్టర్‌ని చూడలేదు. సుధామయిని చూశాడు. ఆ చూపుతో ఆమెకి అర్థమైపోయింది, ఈ మనిషికి మొదట్నించీ అంతా తెలుసు. గురువారం రాత్రి మేకు మీద తాళంచెవి లేకపోవడం చూశాడు, శుక్రవారం పొద్దున ఉండటమూ చూశాడు.

"లేదు సారూ," అన్నాడు. "ఈసారి మర్చిపోయిన. నీళ్ళ మీదనే గుడ్డ కప్పిన. పిల్లగాడు చెప్పింది నిజమే, శుక్రవారం నీళ్ళున్నయ్. తొట్టి నేనే తీయించిన. కాయితం రాయుండ్రి, సంతకం పెడ్త."

"అబద్ధం!" సుధామయి అరిచింది. "ముప్ఫై ఏళ్ళుగా మర్చిపోని మనిషి ఈసారే మర్చిపోయాడా? బాలస్వామి గారూ, ఎవరి కోసం ఇదంతా?"

"ముసలోన్ని గదమ్మా. మరుస్త."

లక్ష్మీనర్సయ్య రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. ఈసారి వెక్కిరింపు లేదు గొంతులో. "చూసిన్రా? తొట్టి తుడిచేది ఆయనొక్కడే. ఆయనే నీళ్ళున్నయ్ అంటే మీ పాయింటు పాయె. నేనేం జేస్త?"

ఏం చెయ్యగలడు? ఆమె మాత్రం ఏం చెయ్యగలదు? నిజం అరచేతిలో ఉంది, గుప్పిట మూస్తే చాలు. అదే చెయ్యనివ్వడంలేదు ఆ ముసలాయన. వాంగ్మూలాలు రాసే రైటరు కాగితం జరిపాడు. బాలస్వామి వంకర టింకరగా సంతకం పెట్టేశాడు.

"తుడిచింది నేను సార్."

గుమ్మంలో ఫిలోమిన. కిటికీ పక్క బెంచీయే కదా, అంతా విన్నది. మొహంలో ఏడుపు లేదు ఇప్పుడు, అదే భయం వేసింది సుధామయికి.

"గురువారం నాన్నకు మోకాళ్ళు లేవలే. నేనే పోయిన. మోతయ్య నీళ్ళు చెంబుతోని తీసి గుడి ఎన్క మందారం చెట్టుకు పోసిన. పాత పంచె గుడ్డతోని తుడిచిన, గుడ్డ కప్పిన. తడి లేదు సార్. జర్రంత గూడ లేదు."

"నోర్ముయ్ బిడ్డా!" బాలస్వామి గొంతు గంట పగిలినట్టు మోగింది. "నీకేం తెల్వది, బయటికి పో!"

"నాకు తెల్వదా? పెన్ను కోసం ఎవరొస్తరు నాన్నా తెల్లారకముందు? నాకు గప్పుడే తెల్వాల్సుండె." ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. "రేపు నా పేరు చదువుతరని నువ్వు జైలుకు పోతవా? ఎవరికన్న అడ్డమున్నదా అని రేపు అడుగుతరు గదా. నాకున్నది. గీడనే చెప్తున్న, రాస్కోండ్రి సార్."

రైటరు కలం పట్టుకుని ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు, రాయి అని.

అప్పుడే వైర్‌లెస్ గరగరమంది. బిక్షపతి గొంతు.

"సార్, పిల్లగాడు లేడు. రూము తెరిచే ఉన్నది, ఫ్యాన్ తిరుగుతున్నది. మెట్ల మీద ఒక్క చెప్పు పడున్నది సార్. ఎవరో ఇద్దరు రెక్కలు పట్కొని తెల్ల మారుతి వ్యాన్ల ఎక్కించిన్రట. 'తొట్టి మళ్ళీ ఇచ్చెయ్యండన్నా, మా మామ జైలుకి పోతున్నాడు' అని మొత్తుకుంటున్నడట సార్. నంబరు ఎవ్వలు చూడలే."

తెల్ల వ్యాన్! చూసింది కదా సుధామయి. డ్రైవరు చేతులు కూడా చూసింది. నంబరు ప్లేటు మాత్రం చూడలేదు. దొరకాలి, అన్నాడు వాడు నెమ్మదిగా, వాళ్ళని అడిగి తెద్దామనే కాబోలు. డబ్బుకి ఆశపడో ఏమో, దొంగలకి తాళంచెవి అందించిన పిచ్చివెధవ, ఇప్పుడు సొమ్ము వెనక్కివ్వమని దొంగల్నే అడిగాడు!

ఫిలోమిన రైటరు బల్ల కోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

లక్ష్మీనర్సయ్య వైర్‌లెస్‌లో అన్ని చెక్‌పోస్టులకీ కేకలు వేశాడు. వేసి, టోపీ తీసి, గడియారం చూసి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "వ్యాన్ కోసం వెతుకుతం. ఈ పిల్ల మాట గూడ కాయితం మీద పెడ్త. కానీ సంతకం చేసినంక మేజిస్ట్రేట్ ముంగట హాజరు పెట్టకుంటే నా నౌకరీ పోతది సుధామయి గారూ. ఆ పిల్లగాడు ప్రాణంతోని దొరికి నోరిప్పితేనే ఈయన బయటికొచ్చేది. నడువు పెద్దమనిషీ."

ఇన్నాళ్ళలో అతను ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

బాలస్వామిని నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. కూతురి దగ్గర ఆగాడు గానీ కానిస్టేబుల్ ఆగనివ్వలేదు. "పిల్లగాన్ని ఏం జేస్తరో సారూ," అన్నాడు ఎవరితోనో, "చెడ్డోడు కాదు వాడు."

గుమ్మం దాటేటప్పుడు, ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఆయన కుడిచెయ్యి దానంతటదే పక్కకి వెళ్ళింది. తొట్టి ఉండాల్సిన ఎత్తులో స్టేషన్ గోడని రెండు వేళ్ళూ తాకాయి. ఆయన ఆ వేళ్ళ వంక ఒకసారి చూసుకుని, సున్నం అంటిన చేత్తోనే నుదుటన సిలువ గుర్తు వేసుకుని జీపెక్కాడు.